టీవీ కింద తీరిగ్గా ఆడుకోవడానికి ఏ చిన్న కంప్యూటర్ ఎంచుకోవాలి?

పనులన్నీ అయ్యాక సోఫాలో కూర్చుని ఓ అరగంట ఏదైనా ఆడుకోవాలనుకునేవాళ్లకు పెద్ద గేమింగ్ పీసీ అక్కర్లేదు. అరచేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి టీవీకి తగిలించి, రెండు కంట్రోలర్లు దగ్గర పెట్టుకుంటే చాలు. చిక్కంతా ఆ కంప్యూటర్ ఏదన్న దగ్గరే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ కొనమని ఒకరంటారు. మినీ పీసీ ఉండగా పై ఎందుకని ఇంకొకరు. ఆఫీసుల నుంచి వచ్చే పాత బుల్లి డెస్క్‌టాప్ చాలని మరొకరు. ఎవరి ఆటలను బట్టి వాళ్లు చెబుతున్నారు కాబట్టి ముగ్గురి మాటా నిజమే. మీ ఆటలేవో తేలేదాకా మాత్రం అందులో ఏదీ మీకు సలహా కాదు.

సెకనుకు 144 ఫ్రేములు, పోటీ షూటింగ్ ఆటలు, 4కెలో రే ట్రేసింగ్ కావాలనుకునేవాళ్ల అవసరం వేరు, వాళ్ల గురించి ఇక్కడ రాయడం లేదు. పాత కన్సోల్ ఆటలు, చిన్న స్టూడియోల 2డీ ఆటలు, ఇంట్లో నలుగురూ కలిసి ఆడే కార్టు రేసులు, అప్పుడప్పుడూ ఒక పెద్ద కథ ఉన్న ఆట. వీటికోసం వెతుకుతున్నవాళ్లకే ఈ పోలిక.

## ముందుగా తేల్చుకోవలసినవి

ఆటల జాబితా. ఒక కాగితం మీద మీరు నిజంగా ఆడబోయే పది ఆటల పేర్లు రాయండి. ఎప్పుడో ఆడదామనుకునేవి వద్దు. వచ్చే రెండు నెలల్లో ఆడేవే రాయండి. ఎంపికలో సగం ఈ కాగితమే చేసేస్తుంది.

పాత ఆటలైతే ఏ కంప్యూటరైనా నడిపిస్తుందని చాలామంది అనుకుంటారు. ఆట వయసుకీ, దాన్ని నడపడంలో ఉన్న కష్టానికీ అంత నేరుగా సంబంధం లేదు. ఎమ్యులేటర్ చేసే పని ఆ పాత యంత్రంలోని ప్రతి చిప్పునీ సాఫ్ట్‌వేర్‌తో అనుకరించడం. యంత్రం లోపలి అమరిక ఎంత మెలికలు తిరిగి ఉంటే ఆ పని అంత బరువు. సోనీ ప్లేస్టేషన్, సెగా శాటర్న్ రెండూ 1994లోనే జపాన్‌లో విడుదలయ్యాయి. ప్లేస్టేషన్ ఆటలు ఈనాటి చవకరకం బోర్డు మీద కూడా హాయిగా నడుస్తాయి. శాటర్న్‌లో రెండు ముఖ్య ప్రాసెసర్లు పక్కపక్కన పనిచేస్తాయి, ఆ రెండింటి వేగాన్నీ ఒకదానితో ఒకటి సరిపెడుతూ పోవాలి కాబట్టి అదే బోర్డు శాటర్న్ దగ్గర తడబడుతుంది. 1996 నాటి నింటెండో 64 కూడా ఇలాంటిదే. కొన్ని ఆటలు బాగా నడుస్తాయి, కొన్ని బొమ్మ చెదిరి విసిగిస్తాయి. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2, 2001లో వచ్చిన గేమ్‌క్యూబ్ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ఏ తరగతిదో మార్చక తప్పదు. అందుకే కాగితం మీద ప్రతి పేరు పక్కనా అది ఏ కన్సోల్‌దో కూడా రాసుకోండి.

పీసీ ఆటలకు లెక్క వేరు. స్టార్‌డ్యూ వ్యాలీ, సెలెస్ట్, హాలో నైట్ వంటివి గ్రాఫిక్స్ చిప్పును పెద్దగా కష్టపెట్టవు. కానీ అవి ఎక్స్86 ప్రాసెసర్ల కోసం, అంటే ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్పుల కోసం తయారైనవి. రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. ఆట ఎంత చిన్నదైనా భాష కలవకపోతే నేరుగా నడవదు. పై కొన్నాక స్టీమ్ (పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) లైబ్రరీ తెరుద్దామనుకున్నవాళ్లు నిరాశపడేది ఇక్కడే.

మీట నొక్కినప్పటి నుంచి ఆట మొదలయ్యేదాకా. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద కొలమానం ఇదే. అరగంట తీరిక దొరికినప్పుడు అందులో పావుగంట అప్‌డేట్లకూ, కంట్రోలర్ జతచేయడానికీ పోతే రెండోవారానికి ఆ పెట్టె మీద దుమ్ము పేరుకుంటుంది. ఎంత శక్తి ఉన్న యంత్రమైనా కీబోర్డు, మౌస్ లేకుండా కంట్రోలర్‌తోనే మొదలవ్వాలి, కంట్రోలర్‌తోనే ఆగాలి. ఆ పని ఏ యంత్రం ఎంత బాగా చేస్తుందో అవసరమైన చోట చెబుతాను.

చప్పుడు, వేడి, కరెంటు. టీవీ పక్కన రోజంతా ఉండే పెట్టె ఇది. ఫ్యాను మోత ఆట సంగీతంలో కలిస్తే చిరాకు. కరెంటు విషయంలో ఈ పెట్టెలన్నీ మామూలు డెస్క్‌టాప్‌తో పోలిస్తే పొదుపే, కాబట్టి దాని గురించి మరీ మథనపడక్కర్లేదు.

మొత్తం ఖర్చు. బోర్డు ధరను మినీ పీసీ ధరతో పోల్చడం దగ్గరే చాలా పోలికలు తప్పుతాయి. బోర్డుకు అడాప్టరు, డబ్బా, ఫ్యాను, మెమరీ కార్డు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబులు విడిగా కొనాలి. మినీ పీసీ పెట్టెలో ర్యామ్, ఎస్ఎస్‌డీ, అడాప్టరు సాధారణంగా కలిసే వస్తాయి. రెండు జాబితాలూ పూర్తిగా రాసి, అడుగున కూడికలు వేసి చూస్తే తేడా అనుకున్నదానికన్నా బాగా తగ్గుతుంది.

## రాస్ప్‌బెర్రీ పై 4, పై 5

పై 4 వచ్చింది 2019లో, పై 5 వచ్చింది 2023లో. రెండింటిలోనూ నాలుగు కోర్లే అయినా తరం వేరు. పై 5లో కార్టెక్స్ ఏ76 కోర్లు 2.4 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తాయి. ప్రాసెసర్ పనిలో పై 4 కన్నా రెండు నుంచి మూడు రెట్లు వేగమని తయారీదారులే చెబుతున్నారు. ఎమ్యులేషన్‌లో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎన్ఈఎస్, సూపర్ ఎన్ఈఎస్, మెగా డ్రైవ్, గేమ్‌బాయ్ అడ్వాన్స్, మొదటి ప్లేస్టేషన్ రెండింటిలోనూ నిశ్చింతగా నడుస్తాయి. నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్, పీఎస్‌పీ ఆటల్లో పై 4 కొన్నిటితో కుస్తీ పడుతుంది, పై 5 చాలావాటిని నెగ్గుకొస్తుంది. గేమ్‌క్యూబ్ స్థాయి కన్సోళ్ల దగ్గర్నుంచి ఏ పై బోర్డు మీదా ఆశ పెట్టుకోవద్దు. ప్లేస్టేషన్ 2 ఆటలకు అందరూ వాడే పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటరైతే అసలు ఎక్స్86 చిప్పులను దృష్టిలో పెట్టుకుని రాసింది.

పైలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది, పోలికల్లో దాన్ని అంతగా పట్టించుకోరు. హెచ్‌డీఎంఐ కేబులు ద్వారా టీవీతో మాట్లాడే సీఈసీ సౌకర్యం దీనిలో ఉంది. సరైన సాఫ్ట్‌వేర్ ఉంటే టీవీ రిమోట్ బటన్లతోనే మెనూలో తిరగొచ్చు. మామూలు మినీ పీసీల్లో ఇది దాదాపు ఉండదు, కావాలంటే విడిగా యూఎస్‌బీ అడాప్టరు కొనాలి.

ఇబ్బందులూ చెప్పాలి. పై బోర్డులకు నిద్రావస్థ లేదు. పూర్తిగా ఆపాలి, మళ్లీ మొదలుపెట్టాలి. పై 4కు మీట కూడా లేదు, పై 5కు ఉంది. ఆపమని చెప్పకుండా నేరుగా ప్లగ్ పీకితే మెమరీ కార్డులో ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఇంట్లో పిల్లలకు మెనూలో ఆపడం ముందే నేర్పాలి. పై 5 పూర్తి శక్తి ఇవ్వాలంటే 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు, అంటే 25 వాట్లు ఇవ్వగల అడాప్టరు కావాలి. ఫోన్ ఛార్జరు పెడితే ఆన్ అవుతుంది గానీ యూఎస్‌బీ పోర్టులకు వెళ్లే కరెంటు తగ్గిపోతుంది, లేదా తెర మూలన తక్కువ వోల్టేజీ హెచ్చరిక వస్తుంటుంది. పైగా పై 5కు ఫ్యాను ఉన్న కూలర్ పెట్టకపోతే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది.

ఇంకా చిన్నది కావాలనుకునేవాళ్లు పై జీరో 2 డబ్ల్యూ గురించి అడుగుతారు. 512 ఎంబీ ర్యామ్‌తో 16 బిట్ కాలం (సూపర్ ఎన్ఈఎస్, మెగా డ్రైవ్ తరం) ఆటల వరకు అది ముచ్చటైన వస్తువు. ఇంట్లో అందరూ వాడే ముఖ్య యంత్రంగా మాత్రం సరిపోదు.

## ఇంటెల్ ఎన్100 మినీ పీసీ

2023లో వచ్చిన ఈ చిప్పు చిన్న కంప్యూటర్ల లెక్కనే మార్చేసింది. నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్ దాకా వేగం, కాగితం మీద 6 వాట్ల ఉష్ణ పరిమితి. ఖాళీగా ఉన్నప్పుడు రాస్ప్‌బెర్రీ పైకి దగ్గరగానే కరెంటు తింటుంది, పనిలో పడ్డాక పై 5ను దాటిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఎక్స్86. మీ స్టీమ్ లైబ్రరీలో చిన్న ఆటలన్నీ ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి. స్టార్‌డ్యూ వ్యాలీ, సెలెస్ట్ లాంటివి 1080పిలో ఆడుకోవచ్చు. హేడీస్ లాంటి కాస్త బరువైన ఆటలకు 720పికి దిగి, సెట్టింగ్‌లు తగ్గించుకోవాలి. గేమ్‌క్యూబ్, నింటెండో వీ (Wii) ఆటలు చాలావరకు అసలు రిజల్యూషన్‌లో బాగుంటాయి. ప్లేస్టేషన్ 2 ఆటల్లోనూ ఎక్కువ భాగం నడుస్తాయి, కొన్ని బరువైనవి మొరాయిస్తాయి.

దీని హద్దు గ్రాఫిక్స్ దగ్గర ఉంది. ర్యామ్‌తో మాట్లాడటానికి ఒకే దారి, అంటే సింగిల్ ఛానెల్. గ్రాఫిక్స్ చిప్పు కూడా అదే ర్యామ్‌ను వాడుకుంటుంది కాబట్టి ర్యామ్ ఎంత పెంచినా ఆ దారి వెడల్పు పెరగదు. ఇప్పటి పెద్ద 3డీ ఆటలు దీని మీద ఆడాలని ఎవరు చెప్పినా నమ్మకండి. 8 జీబీ సరిపోతుంది, విండోస్ పెట్టేట్టయితే 16 జీబీ సుఖం.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఒకే చిప్పు పెట్టి రకరకాల కంపెనీలు అమ్ముతాయి, చిప్పు పేరును బట్టి ఫ్యాను చప్పుడు చెప్పలేం. ఫ్యాను లేకుండా లోహపు డబ్బానే వేడిని చల్లారుస్తూ ఉండే మోడళ్లు కూడా ఉన్నాయి. టీవీ పక్కన పెట్టడానికి అవే నా మొదటి ఎంపిక. అందులో వచ్చే ఎస్ఎస్‌డీ ఎప్పుడు పాడైనా మార్చుకునేలా ఉందో లేదో కూడా అడగండి.

ఏ కన్సోల్ మీదా మోజు లేకుండా, "అన్నీ కొంచెం కొంచెం ఆడతాం" అనే ఇంటికి నేను చెప్పేది ఇదే.

## ఆఫీసుల నుంచి వచ్చే బుల్లి డెస్క్‌టాప్‌లు

లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. మందపాటి పుస్తకమంత ఉండే ఈ పెట్టెలు కొన్నేళ్ల తర్వాత ఆఫీసుల్లోంచి బయటికొచ్చి పాత సరుకుగా అమ్ముడవుతాయి. గట్టి తయారీ, విప్పడం తేలిక, ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకోవడం ఇంకా తేలిక.

ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ ఐ5 8500టీ ఉన్నది దొరికితే మంచి బేరం. ఆరు కోర్లతో ప్రాసెసర్ బలంలో ఎన్100ను మించుతుంది. గ్రాఫిక్స్ మాత్రం అదే స్థాయి. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువి వద్దనడానికి బలమైన కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. లైనక్స్ పెట్టుకునేవాళ్లకు ఈ అడ్డు లేదు, అప్పుడు ఆరో తరంది కూడా పాత కన్సోల్ ఆటలకు బాగానే పనికొస్తుంది.

తెచ్చుకునే ముందు మూడు సంగతులు అడగండి. చాలా వాటిలో డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటుంది, టీవీకి హెచ్‌డీఎంఐ అడాప్టరు తీసుకోవాలి. వైఫై, బ్లూటూత్ కార్డు లేకుండా వచ్చేవి కొన్ని ఉంటాయి. అడాప్టరు ఒరిజినల్‌దా కాదా అన్నది మూడోది, ఎందుకంటే కొన్ని మోడళ్లు తమ అడాప్టరు కాదని గుర్తుపడితే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి. ఫ్యాను ఉంటుంది. మామూలుగా నిశ్శబ్దమే, బరువైన ఆట పెట్టగానే వినిపిస్తుంది.

## రేడియన్ గ్రాఫిక్స్ ఉన్న మినీ పీసీ

ఏఎమ్‌డీ రైజెన్ 7 7840హెచ్ఎస్, 8845హెచ్ఎస్ చిప్పుల్లో రేడియన్ 780ఎమ్ గ్రాఫిక్స్ ఉంటుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా పెద్ద ఆటలను 1080పిలో తక్కువ లేదా మధ్యస్థ సెట్టింగ్‌లతో ఆడించగల స్తోమత దీనికుంది. ప్లేస్టేషన్ 2, గేమ్‌క్యూబ్ ఆటలను అసలుకన్నా రెండు మూడు రెట్ల రిజల్యూషన్‌లో చూపిస్తుంది, పెద్ద టీవీ మీద ఆ తేడా కళ్లకు కడుతుంది. ఇంతకుముందు తరం 680ఎమ్ ఉన్నవి కూడా బాగుంటాయి, తక్కువకు దొరికితే వదులుకోవద్దు.

ఇక్కడ చాలామంది జారే చోటు ర్యామ్. 16 జీబీ ఒకే కర్రగా (ర్యామ్ స్టిక్) ఉన్న మోడల్ కన్నా 8 జీబీ కర్రలు రెండు ఉన్నది ఆటల్లో చాలా మేలు. రెండు కర్రలుంటే దారి రెట్టింపవుతుంది, గ్రాఫిక్స్ చిప్పు బతికేది ఆ దారి మీదే. చిన్న అక్షరాల్లో రాసి ఉండే ఈ వివరం చూడకుండా కొంటే పెట్టిన డబ్బులో పెద్ద ముక్క వృథా.

ఖర్చు ఎక్కువ, ఫ్యాను చప్పుడు ఎక్కువ, వేడి ఎక్కువ. మీ కాగితం మీద పెద్ద ఆటల పేర్లు మూడో నాలుగో ఉంటేనే ఇటు రండి.

## మరో గదిలో గేమింగ్ పీసీ ఇప్పటికే ఉంటే

అప్పుడు శక్తి కొనకండి. ఉన్న శక్తిని టీవీ దాకా తెచ్చుకోండి. పీసీలో సన్‌షైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, టీవీ దగ్గర మూన్‌లైట్. ఆట అక్కడ నడుస్తుంది, బొమ్మ వీడియోగా ఇక్కడికి వస్తుంది, మీరు నొక్కిన బటన్ వెనక్కి వెళ్తుంది. స్టీమ్ ఆటలే అయితే స్టీమ్ లింక్ యాప్ కూడా ఇదే పని చేస్తుంది. మీది ఆండ్రాయిడ్ టీవీ అయితే ఈ రెండు యాప్‌లూ నేరుగా టీవీలోనే దొరుకుతాయి. ముందు అవి పెట్టి చూడండి, బాగుంటే కొత్త పెట్టె కొనాల్సిన పనే లేదు.

విడి పెట్టె కావాలంటే పై 4 చాలు. దీనికి 1080పిలో హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోను హార్డ్‌వేర్‌తోనే విప్పే శక్తి ఉంది. పై 5లో ఆ హార్డ్‌వేర్ తీసేశారు, హెచ్.265 మాత్రమే ఉంచారు. కాబట్టి పై 5 వాడితే మూన్‌లైట్ సెట్టింగ్‌లలో హెచ్.265 ఎంచుకోండి.

నెట్‌వర్క్ మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పీసీకీ, టీవీ దగ్గరి పెట్టెకూ రెండింటికీ ఈథర్నెట్ కేబులు వేయగలిగితే స్ట్రీమింగ్ అన్న సంగతే మరిచిపోతారు. కనీసం పీసీకైనా కేబులు వేసి, టీవీ వైపు 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడండి. వైఫై తరచూ తడబడే ఇంట్లో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, ఆడుతుండగా బొమ్మ చతురస్రాలుగా పగిలితే తీరిక కాస్తా తలనొప్పవుతుంది. పీసీ ఎప్పుడూ ఆన్‌లో ఉంచడమో, నెట్‌వర్క్ ద్వారా నిద్రలేపే ఏర్పాటు చేసుకోవడమో కూడా చేయాలి.

## స్టీమ్ డెక్‌ను టీవీకి తగిలించడం

2022లో వచ్చిన ఈ చేతి కన్సోల్ కూడా ఒక చిన్న కంప్యూటరే. డాక్‌లో పెడితే టీవీ యంత్రం, తీస్తే మంచం మీద ఆడుకునే యంత్రం. మీట నొక్కితే ఆపిన చోటే ఆట లేస్తుంది. ఈ ఒక్క విషయంలో మిగతా ఏ ఎంపికా దీని దరిదాపుల్లోకి రాదు. దీని చిప్పును 1280×800 తెర కోసం తీర్చిదిద్దారు కాబట్టి పెద్ద టీవీ మీద పెద్ద ఆటల బొమ్మ కొంచెం మెత్తబడుతుంది. ఒంటరిగా ఎక్కువ ఆడేవాళ్లకు ఇది గొప్ప ఎంపిక, నలుగురూ కలిసి ఆడే ఇంటికి అంతగా కాదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ఎంపిక | పీఎస్1 దాకా పాత ఆటలు | పీఎస్2, గేమ్‌క్యూబ్ | చిన్న పీసీ ఆటలు | పెద్ద పీసీ ఆటలు | చప్పుడు | అమర్చే శ్రమ |
|---|---|---|---|---|---|---|
| పై 4 | హాయిగా | లేదు | చాలా కొద్ది | లేదు | చాలా తక్కువ | మధ్యస్థం |
| పై 5 | హాయిగా | నమ్మలేం | కొద్ది, తంటాలతో | లేదు | తక్కువ | మధ్యస్థం |
| ఎన్100 మినీ పీసీ | హాయిగా | చాలావరకు | హాయిగా | లేదు | మోడల్‌ను బట్టి | తక్కువ |
| పాత ఆఫీసు మినీ | హాయిగా | చాలావరకు | హాయిగా | లేదు | మధ్యస్థం | మధ్యస్థం |
| రేడియన్ 780ఎమ్ | హాయిగా | మెరుగైన బొమ్మతో | హాయిగా | సెట్టింగ్‌లు తగ్గించి | ఎక్కువ | తక్కువ |
| ఉన్న పీసీ నుంచి స్ట్రీమింగ్ | హాయిగా | పీసీని బట్టి | హాయిగా | పీసీని బట్టి | టీవీ దగ్గర చాలా తక్కువ | నెట్‌వర్క్‌ను బట్టి |
| స్టీమ్ డెక్ | హాయిగా | బాగా | హాయిగా | సెట్టింగ్‌లు తగ్గించి | మధ్యస్థం | చాలా తక్కువ |

## సాఫ్ట్‌వేర్ ఏది పెట్టాలి

పాత కన్సోల్ ఆటలే అయితే బటోసెరాతో, అంటే ఎమ్యులేటర్లన్నీ ముందే అమర్చి వచ్చే ఉచిత వ్యవస్థతో మొదలుపెట్టండి. ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌ను దాని నుంచి మొదలుపెడితే చాలు, లోపలి ఎస్ఎస్‌డీని ముట్టుకోదు. పొద్దున ఇంటి లెక్కలు చూసుకునే విండోస్ మినీ పీసీ సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టగానే కన్సోల్ అయిపోతుంది. కొనకముందే ఉన్న లాప్‌టాప్‌లో పరీక్షించి చూసుకోవడానికీ ఇదే మార్గం. రీకాల్‌బాక్స్ కూడా ఇలాంటిదే, మెనూలు ఇంకాస్త సాదాగా ఉంటాయి, సెట్టింగ్‌ల జోలికి పోనివాళ్లకు అది నయం. లక్కా చాలా తేలికైనది, పూర్తిగా రెట్రోఆర్చ్ (చాలా ఎమ్యులేటర్లను ఒకచోట చేర్చిన ప్రోగ్రామ్) మీద నడుస్తుంది, ఆ మెనూలు అలవాటైతేనే బాగుంటుంది. రెట్రోపై పాతకాపు, ప్రతి మూలా మార్చుకోవాలనుకునేవాళ్లది. నేర్చుకోవడమే సరదా అయినవాళ్లు దాన్ని ఎంచుకోవచ్చు.

పీసీ ఆటలూ కావాలంటే రెండు దారులు. విండోస్ పెట్టుకుని స్టీమ్ బిగ్ పిక్చర్ మోడ్ (టీవీ, కంట్రోలర్ కోసం చేసిన తెర) ఆన్ చేయడం ఒకటి. అన్ని ఆటలూ నడుస్తాయి గానీ అప్‌డేట్ల కబుర్లు, పాప్‌అప్‌లు సోఫా దాకా వచ్చి పలకరిస్తాయి. రెండోది బజైట్. ఫెడోరా లైనక్స్ మీద కట్టిన ఈ వ్యవస్థలో స్టీమ్ డెక్ తరహా రూపం ఉంటుంది, కంట్రోలర్‌తోనే అంతా జరుగుతుంది. ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ ఉన్న పెట్టెలకు ఇది చక్కగా కుదురుతుంది. విండోస్ ఆటలు ఇందులో ప్రోటాన్ అనే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ ద్వారా నడుస్తాయి. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ లాంటివి మాత్రం వాటి మోసాల నిరోధక సాఫ్ట్‌వేర్ వల్ల లైనక్స్‌లో నడవవు. ఇంట్లో ఎవరైనా అవే ఆడతామంటే విండోస్ తప్పదు.

## కంట్రోలర్, టీవీ

ఎంత మంచి పెట్టె కొన్నా ఈ రెండూ సరిగా లేకపోతే ఆట బాగుండదు, అందుకని కొంచెం నిదానంగా చూద్దాం.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మామూలు మోడ్‌లో టీవీ ప్రతి ఫ్రేమునూ మెరుగుపెట్టి చూపిస్తుంది, ఆ పనికి కొన్ని టీవీలు వంద మిల్లీసెకన్ల దాకా తీసుకుంటాయి. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్క ఫ్రేము ఆయుష్షు 16.7 మిల్లీసెకన్లు. అంటే మీరు గెంతమన్నాక ఆరు ఫ్రేములు ఆలస్యంగా బొమ్మ గెంతుతుంది. పాత ప్లాట్‌ఫాం ఆటల్లో గోతిలో పడేది అందుకే. "పై వేగం చాలడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు టీవీ సెట్టింగ్‌లోనే ఉంటుంది.

కంట్రోలర్లలో ఎక్స్‌బాక్స్, డ్యుయల్‌షాక్ 4, 8బిట్‌డూ ఏవైనా సరే. పాతది కొంటుంటే ఒకటి గమనించండి. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చిన మొదటి కంట్రోలర్‌కు బ్లూటూత్ లేదు, 2016లో వన్ ఎస్‌తో వచ్చిన దగ్గర్నుంచి ఉంది. 2డీ ఆటలు ఎక్కువ ఆడేవాళ్లు డీప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) బాగున్నది చూసుకోవాలి, అనలాగ్ కర్రతో పాత ఆటలు అంత కుదురుగా రావు.

యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్‌డిస్కు పెట్టగానే బ్లూటూత్ కంట్రోలర్ తడబడటం చాలామందికి ఎదురయ్యేదే. యూఎస్‌బీ 3 తీగలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్కును యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చండి, లేదా కంట్రోలర్ డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో పెట్టె నుంచి దూరం జరపండి. ఇబ్బంది చాలావరకు అక్కడితో తీరుతుంది.

బ్లూటూత్ కంట్రోలర్‌తో మినీ పీసీని నిద్రలేపడం అన్ని మోడళ్లలోనూ కుదరదు. దీని మీద ఆశ పెట్టుకుని కొంటుంటే ఆ మోడల్ వాడుతున్నవాళ్లను ముందే అడగండి.

## ఎవరికి ఏది

పిల్లలతో కలిసి చిన్నప్పటి ఆటలు ఆడాలి, అంతకుమించి ఏమీ వద్దు అనుకుంటే పై 5 లేదా చేతిలో ఉన్న పై 4. ఇప్పటికే పై 4 ఉన్నవాళ్లు మొదటి ప్లేస్టేషన్ దాకానే ఆడేట్టయితే పై 5కు మారనక్కర్లేదు. తీగలు, సెట్టింగ్‌లు, చిన్న స్క్రిప్టులు ఇష్టపడేవాళ్లకు కూడా పైయే. ఆటలు మానేసిన రోజున అదే బోర్డు ఇంకో పదిరకాలుగా ఉపయోగపడుతుంది.

స్టీమ్‌లో లైబ్రరీ ఉండి, అందులో చిన్న ఆటలే ఎక్కువైతే ఎన్100. ఫ్యాను లేని మోడల్ దొరికితే ఇంకేం ఆలోచించకండి. డబ్బు బాగా బిగువుగా ఉండి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి జంకనివాళ్లకు ఎనిమిదో తరం ఆఫీసు మినీ. ఇంట్లో అందరూ వాడే ఒకే కంప్యూటర్‌గా, ఆటలతో పాటు చదువులకూ లెక్కలకూ కావాలంటే ఆ ఆరు కోర్లు ఎన్100 కన్నా ఎక్కువ కాలం ఆసరా ఇస్తాయి.

పెద్ద కథల ఆటలే ప్రాణం, ఇంట్లో గేమింగ్ పీసీ లేదు, పెద్ద పెట్టెకు చోటూ లేదు అంటే రేడియన్ మినీ పీసీ, దాంట్లో బజైట్. ఒకవేళ మీకు కావలసింది ఒకే ఒక్క పెద్ద ఆట అయితే, దానికోసం ఇంత ఖర్చు పెట్టే ముందు ఆ ఆట ఏదైనా మామూలు కన్సోల్‌లో దొరుకుతుందేమో చూడండి. కన్సోల్ కొనుక్కోవడమే ఆ ఇంటికి సులువు కావచ్చు.

## ఆటలు ఎక్కడి నుంచి

వేల ఆటలు నింపి అమ్మే మెమరీ కార్డుల జోలికి వెళ్లకండి. అవి అనుమతి లేకుండా చేసిన నకళ్లు, పైగా వాటిలో వాడేది నాసిరకం కార్డు. న్యాయంగా దొరికే ఆటలకు కొరత లేదు. సూపర్‌టక్స్‌కార్ట్ ఉచితం, నలుగురూ ఒకే తెర మీద రేసు పెట్టుకోవచ్చు, పై 4 మీద కూడా సెట్టింగ్‌లు తగ్గిస్తే నడుస్తుంది. తీరిగ్గా ఆలోచించి ఆడే ఆటలు కావాలంటే బ్యాటిల్ ఫర్ వెస్నాత్, ఓపెన్‌టీటీడీ ఉచితంగానే ఉన్నాయి. పాత సాహస ఆటలను నడపడానికి స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. బెనీత్ ఎ స్టీల్ స్కై అనే చక్కటి ఆటను దాని హక్కుదారులే 2003లో ఉచితం చేశారు. జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న పాత పీసీ ఆటలకు కాపీ నిరోధక తాళాలుండవు, ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి, పెట్టె మారినా వెంట వస్తాయి.

చివరిగా సేవ్ ఫైళ్లు. ఎమ్యులేటర్ సేవ్‌లు మెమరీ కార్డు లేదా పెన్‌డ్రైవ్ మీదే ఉంటాయి, వాటికి క్లౌడ్ కాపీ దానంతటది ఏర్పడదు. బటోసెరాలో యూజర్‌డేటా విభాగంలో సేవ్స్ అనే ఫోల్డరు ఉంటుంది. నెలకోసారి దాన్ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కార్డు పోతే ఆటలు మళ్లీ ఎక్కించుకోవచ్చు, అరవై గంటలు ఆడిన సేవ్‌ను మాత్రం ఎక్కడి నుంచీ తేలేరు.